పాత డబ్బాకు ఉద్వాసన

జులై 30, బుధవారం

పొద్దున దీపం పెట్టి నామాలు చదువుతుంటే మధ్యలో నా నోట ఒక తిట్టు వచ్చింది. గట్టిగా కాదు, కానీ వచ్చింది. అమ్మవారి ముందు కూర్చుని శశికిరణ్‌ను తిట్టాను. లెంపలేసుకుని మొదటి నుంచి చదివాను. మళ్ళీ అదే చోట అదే మాట.

దీన్ని దేవుడి గదిలోకి తీసుకుపోకూడదు. మా ఆయనకు చెబితే "ఊకో, పెద్దోళ్ళతోని మనకెందుకు" అంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. జనవరిలో ఆఫీసువాళ్ళు అందరితో పాటు నాకూ ఇచ్చిన డైరీ ఇది. అట్ట మీద వాళ్ళ పేరే ఉంది. ఉండనీ. పదో తరగతి పాసయ్యాక సరుకుల చీటీ తప్ప నేను ఏదీ రాయలేదు.

నాకు కోపం లేదు. మనసు కుదుటపడాలని రాస్తున్నాను, అంతే.

ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీలో సుశాంత్ సారు ఆఫీసులో ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టే పని నాది. వాళ్ళది దవాఖానలకు టోకెన్లు నడిపే కంపెనీ. రోగి వచ్చి పేరు చెబితే నంబరు వస్తుంది, ఆ నంబరు దవాఖాన గోడ మీద తెరలో కనిపిస్తుంది. మా స్టోర్ రూములో ఒక పాత కంప్యూటరు ఉంది. నిలువెత్తు డబ్బా. నేను చేరినప్పటి నుంచి అది గుయ్యిమంటూనే ఉంది. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు దానికీ పసుపు కుంకుమ పెట్టమని సుశాంత్ సారే అన్నారు. ఆ తర్వాత ఎవరూ చెప్పకపోయినా ప్రతి శుక్రవారం తుడిచి, బొట్టు పెట్టి, ఒక పువ్వు పెడుతూ వచ్చాను.

మొన్న శుక్రవారం శశికిరణ్ నన్ను పిలిచాడు. కొత్త మేనేజరు. సారు అని రాయబుద్ధి కావడం లేదు.

"ఆంటీ, స్టోర్ రూములో ఆ డబ్బా ఆఫ్ చేసేయండి. అంతా క్లౌడ్‌లోకి వెళ్ళిపోయింది. దానికోసం ఏసీ దండగ."

"ఆపాల్నా సార్? నిజంగ ఆపాల్నా?"

"ఆపమంటే ఆపండీ. అందులో ఏమీ లేదు. ఖాళీ డబ్బా అది."

ఉజ్వల పక్క కుర్చీలోనే ఉంది. కంప్యూటర్లు చూసే పిల్ల. నన్ను ఆంటీ ఆంటీ అని వెంట తిరిగే పిల్ల.

నేను ఆపాను. టోకెన్లు ఆగిపోయాయి. ఇప్పుడు శశికిరణ్ నేను చెప్పనే లేదంటున్నాడు.

ఉజ్వలకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. విని ఉండదు.

జులై 31, గురువారం

శేషారత్నం గారికి జావ తీసుకుపోయాను. మా కింది వాటాలో ఉంటారు. డెబ్బై దాటిన మనిషి. మా బిల్డింగులో అందరి దీపాలకూ వత్తులు చేసి ఇచ్చేది ఆవిడే. నేను దీపం పెట్టే వత్తి ఆవిడ చేతిదే.

శనివారం ఆవిడ రక్తపరీక్షకని పరగడుపున నాంపల్లి స్టేషను అవతల దవాఖానకు వెళ్ళింది. తెర మీద ఒకటే నంబరు నిలబడిపోయింది. మనుషులు పేరుకుపోయారు. కూర్చోవడానికి చోటు లేదు, తినడానికి వీల్లేదు. కళ్ళు తిరిగి పడింది. నుదుటి మీద కుట్లు, కుడి ముంజేయి విరిగి పిండికట్టు.

"ఎవరో స్విచ్చి కట్టేశారటమ్మా," అంది. "అంత పెద్ద దవాఖాన ఒక్క స్విచ్చి మీద నడుస్తుందా విద్యావతీ? నిన్ను అడుగుతున్నా చూడు. నీకేం తెలుస్తుందిలే."

నేను ఏదో ఆఫీసులో పని చేస్తానని ఆవిడకు తెలుసు. ఆ ఆఫీసు ఇదేనని తెలియదు. చెంచాతో జావ తాగించాను. మూతి తుడిచాను. చెప్పలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

సుశాంత్ సారు గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. ఇన్నేళ్ళలో నేను ఆ కుర్చీని తుడిచానే గానీ కూర్చోలేదు. ఇవాళ కూడా కూర్చోలేదు.

"ఆంటీ, నువ్వు మా ఇంటి మనిషివి. మంగళవారం దవాఖానోళ్ళు వస్తున్రు. మేనేజరే ఆపమన్నడంటె కాంట్రాక్టు పోతది. గీ పిల్లలందరి నౌకర్లు పోతయి. అదే, ఊడుస్తుంటె వైరు ఊడిందంటె, పాపం అని ఊకుంటరు."

"వైరు ఊడలే గద సార్."

"గది నాకు తెల్వదా? జర ఔ అను, గంతే. నీ నౌకరీకి నేను జిమ్మేదారి. నీకు పోయేదేముంది?"

చూస్త సార్ అని వచ్చేశాను. ఎందుకన్నాను ఆ మాట?

దవాఖానవాళ్ళు వచ్చేది ఏ మీటింగుకని అడిగితే, పోస్ట్‌మార్టమ్ అట. ఎవరు చచ్చిపోయారని. అందులో ఒక నియమం ఉందట, ఎవరి పేరూ ఎత్తకూడదు, ఎవరినీ తప్పు పట్టకూడదు, పని ఎక్కడ ఆగిందో మాత్రమే మాట్లాడాలి. ఎంత మర్యాద. నా పేరు కూడా ఎత్తరట. "హౌస్‌కీపింగ్" అంటారట. ఆ ఆఫీసులో హౌస్‌కీపింగ్ అంటే నేను ఒక్కదాన్నే.

నీకు పోయేదేముంది.

ఆగస్టు 2, శనివారం

శుక్రవారమే ఆపి ఉంటే మాత్రం ఏం ఒరిగేది.

ఆగస్టు 3, ఆదివారం

మా ఆయన మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల దుకాణంలో గుమాస్తా. రాత్రి మచ్చలు పడ్డ బత్తాయిలు తెచ్చి వలుస్తూ, "ఔ అంటె అయిపాయె. నోటి మాటే గద. నీకేమన్న జైలా?" అన్నారు. నేను కింద పడ్డ తొక్కలు ఏరుతున్నాను. మళ్ళీ ఆయనే, "నీ నోట్ల మాటే రాదు, గసొంటిది మీటింగుల ఏం మాట్లాడుతవే?" అని నవ్వారు. ముప్పై ఏళ్ళ కాపురంలో నేను గొంతు పెంచలేదన్నది ఆయన నలుగురిలో గొప్పగా చెప్పుకునే సంగతి.

ఔ అంటే శేషారత్నం గారి చెయ్యి విరిచింది నేనే అవుతాను. అజాగ్రత్తగా చీపురు తగిలించి. ఆ మాట గుళ్ళోకి వస్తుంది, పేరంటాల్లోకి వస్తుంది. నాకు పోయేది అది.

నిన్న ఒక వాక్యం రాసి ఆపేశాను. పూర్తిగా రాస్తాను.

శశికిరణ్ చెప్పింది శుక్రవారం. నేను ఆపింది శనివారం. "ఇయ్యాల శుక్రవారం సార్, రేపు ఆపుత," అంటే నవ్వి, "మీ ఇష్టం, పని అయితే చాలు," అన్నాడు. బొట్టు పెట్టి పువ్వు పెట్టిన దాన్ని శుక్రవారం పూట ఎలా పంపిస్తాం? శనివారం తలస్నానం చేసి వెళ్ళాను. హారతి ఇచ్చాను. పూజ అయ్యాక కలశానికి చేసినట్టే, దాన్ని రెండు చేతులా పట్టుకుని రవ్వంత ఉత్తరానికి జరిపాను. "మళ్ళీ రావమ్మా," అన్నాను. అప్పుడు స్విచ్చి ఆపాను. గుయ్యిమనే చప్పుడు పోయాక గదంతా ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది.

శనివారం ఆఫీసులో ఎవరూ ఉండరు. శుక్రవారం ఆపి ఉంటే అందరూ అక్కడే ఉండేవారు. వెంటనే చూసుకునేవారు.

అయినా నన్ను శనివారం ఎవరు అడ్డుకున్నారు? మీ ఇష్టం అన్నది ఎవరు? అందులో ఏమీ లేదన్నది ఎవరు? నేనా?

ఆగస్టు 4, సోమవారం

ఉజ్వల నన్ను తప్పించుకు తిరుగుతోంది. మధ్యాహ్నం చాయ్ గిన్నె దగ్గర దొరికింది.

"గంత పెద్దగ ఎట్ల ఆగింది బిడ్డా?" అని అడిగాను. ఆ సంగతి అయితే చెబుతుందని తెలుసు. చెప్పడం ఇష్టం ఆ పిల్లకు.

"మొదట్ల అంత ఒక్క డబ్బాలనే ఉండె ఆంటీ. తర్వాత ముక్కలు ముక్కలు చేసినం. పేరు రాసేది ఒకటి, డాక్టర్ ఉన్నడా లేడా చూసేది ఒకటి, మెసేజ్ పంపేది ఒకటి. ఒక్కోటి ఒక్కో ఊర్ల ఉంటది. ఒకటి పడిపోయినా మిగతయి నడవాలె, గందుకే చేసినం."

"మరి?"

"తర్వాతి నంబర్ ఎంత అని చెప్పే ముక్క ఒక్కటి ఆ పాత డబ్బాలనే ఉండిపాయె. ఎవ్వరికీ యాదికి లేదు. మిగతయన్నీ దాన్ని అడిగినయి. అది ఆగింది గద, జవాబు రాలే. అడిగినయి అడిగినట్టే నిలబడ్డయి."

"ఎంతసేపు?"

"గదే తప్పు ఆంటీ. ఎంతసేపు చూడాలె, ఎప్పుడు వదిలెయ్యాలె అని మేము వాటికి చెప్పలే. తెర మీద చూస్తె అన్నీ పచ్చగనే ఉన్నయి. దేనికది బానే ఉన్నట్టే."

అప్పుడు అడిగాను. "శశికిరణ్ సారు నాతోని ఆపమన్నప్పుడు నువ్వు పక్కనే ఉంటివి గద."

చాయ్ కప్పు చేతిలోకి తీసుకుంది. తాగలేదు. "మీటింగ్ అయినంక మాట్లాడుదాం ఆంటీ," అని వెళ్ళిపోయింది.

హెడ్‌ఫోన్లు ఉన్నాయని రాశాను. ఉన్నాయి. మెడలో ఉన్నాయి. నాకు మొదటి నుంచీ తెలుసు, అవి మెడలో ఉన్నాయి.

ఆగస్టు 5, మంగళవారం

నాకు కోపం ఉంది. కోపం లేదని మొదటి రోజు రాసింది అబద్ధం. నాకు కోపం ఉంది.

దవాఖాన తరఫున కోదండరామయ్య గారని ఒకాయన వచ్చారు. అందరికీ నీళ్ళు ఇచ్చి, ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. గోడ మీద బొమ్మ వేశారు. గళ్ళు, వాటి మధ్య గీతలు. అన్ని గళ్ళూ పచ్చగా, మూలన ఒక్కటి బూడిద రంగులో. నా డబ్బా.

శశికిరణ్ లేచి చెప్పాడు. ఆర్కిటెక్చర్ అన్నాడు, డిపెండెన్సీ అన్నాడు. చివరికి, "హౌస్‌కీపింగ్ పొరపాటండీ. క్లీనింగ్ చేస్తుంటే ప్లగ్ ఊడింది. ఇకమీదట ఆ రూముకి తాళం వేస్తాం," అన్నాడు.

సుశాంత్ సారు నా వైపు చూశారు. "ఆంటీ, జర చెప్పు సార్‌కు."

"వైరు ఊడలే సార్," అన్నాను. "నేనే ఆపిన. శశికిరణ్ సారు ఆపమన్నరు, ఆపిన."

"ఏందమ్మా? జర గట్టిగ చెప్పు," అన్నారు కోదండరామయ్య గారు.

గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

శశికిరణ్ నవ్వాడు. "కంగారు పడుతున్నారండీ పాపం. రన్నింగ్‌లో ఉన్న మెషీన్ ఆపమని నేనెందుకు చెబుతానండీ?"

"ఉజ్వల ఆడనే ఉండె," అన్నాను.

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. నేను కూడా చూశాను. పెన్ను మూత తీసింది, పెట్టింది. మళ్ళీ తీసింది. అడిగినవి అడిగినట్టే నిలబడ్డాయట, నేనూ అలాగే నిలబడ్డాను. ఎంతసేపు చూడాలో నాకు కూడా ఎవరూ చెప్పలేదు.

"నేను పనిల ఉన్న సార్. నాకు యాదికి లేదు," అంది. నా వైపు చూడకుండా.

ట్రే అంచు నా అరచేతిలో దిగబడింది. శశికిరణ్‌ను చూసి, "శుక్రవారం వద్దు సార్, శనివారం ఆపుత అంటె మీరు నవ్విన్రు," అన్నాను.

"అదేనండీ నేననేది కూడా," అన్నాడు కోదండరామయ్య గారితో. "చెప్పిన రోజే ఆపి ఉంటే ఇంత జరిగేది కాదు. శుక్రవారం సెంటిమెంటట. శనివారం ఎవరూ లేనప్పుడు వెళ్ళి..."

ఆగిపోయాడు. 

కోదండరామయ్య గారు మెల్లగా నవ్వారు. "అంటె చెప్పినట్టే గదయ్యా."

 నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక ఎవరో ఒకరు అంటారు, ఔను చెప్పాడు, ఆమె తప్పు లేదు అని. సుశాంత్ సారు అంటారు. ఉజ్వల అంటుంది.

"సరె సరె," అన్నారు కోదండరామయ్య గారు. "మీ ఇంటి పంచాయతి మీరు తెంపుకోండ్రి. మాకు మళ్ళ ఆగకుంటె చాలు. ముందుగాల చాయ్ తెప్పియ్యుండ్రి."

అందరూ నవ్వారు. ఊపిరి పీల్చుకుని నవ్వారు. ఉజ్వల కూడా నవ్వింది.

"ఆంటీ, చాయ్," అన్నారు సుశాంత్ సారు.

నిజం బయటికి వచ్చి, గది మధ్యలో పడి ఉంది. అందరూ దాన్ని దాటుకుని చాయ్ అడిగారు.

"నేను తేను సార్," అన్నాను. ఆ రోజు సారు గదిలో నేను కూర్చోని కుర్చీ లాంటిదే ఒకటి ఖాళీగా ఉంటే, ట్రేను అందులో పెట్టి బయటికి వచ్చేశాను.

స్టోర్ రూము తలుపు తీసే ఉంది. డబ్బా మళ్ళీ గుయ్యిమంటోంది. దాని నుదుటి మీద నేను పెట్టిన కుంకుమను కప్పేసి, ముట్టరాదు అని కాగితం అంటించారు. దండం పెట్టుకుని వచ్చాను. ఆబిడ్స్ దాటేదాకా వాన పడుతోందని తెలియలేదు. గొడుగు అక్కడే ఉంది. ఉండనీ.

ఆగస్టు 6, బుధవారం

శేషారత్నం గారికి చెప్పేశాను. డబ్బా, శుక్రవారం, శనివారం, హారతి, అన్నీ. ఆవిడ మంచం మీద గోడకు ఆనుకుని విన్నది.

"నీ చేత్తోనేనా?"

"నా చేత్తోనేనండీ."

"శుక్రవారమే ఆపి ఉంటే?"

నేను అబద్ధం చెప్పలేదు. "మీరు పడేవారు కాదేమో."

ఆవిడ తన పిండికట్టు వైపు చూసుకుంది. కిటికీ అవతల స్టేషనులో రైలు ప్రకటన మూడు భాషల్లో అయిపోయింది. ఇక లేచి రావాలనుకున్నాను.

"యంత్రానికి హారతిచ్చి పంపించావటే?" అంది. నవ్వబోయి, కుట్లు లాగి, మొహం చిట్లించింది. "మా ఇంట్లో మిక్సీ పాడైతే కూడా నిన్నే పిలవాలి." తర్వాత నవ్వు లేకుండా, "నొప్పిగా ఉంది విద్యావతీ. రాత్రిళ్ళు ఎవరినో తిట్టుకుంటూ పడుకుంటున్నాను. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియడం లేదు," అంది.

"నన్ను తిట్టండి."

"నిన్ను కూడా తిడతాలే. ముందు ఆ పత్తి ఇలా అందుకో. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. ఎడమ చేత్తో ఎలా వస్తాయో చూద్దాం."

వత్తులు వంకరగా వచ్చాయి. నేను పత్తి విడదీసి ఇస్తుంటే ఆవిడ తొడ మీద రుద్దుతూ శశికిరణ్‌ను తిట్టింది. నాకు రాని తిట్లు.

ఆగస్టు 7, గురువారం

సుశాంత్ సారు ఫోను. "మనసుల పెట్టుకోకు ఆంటీ. సోమవారం రా. పండుగకు చీరె ఇప్పిస్త."

మా ఆయన పక్కనే ఉన్నారు. "పోతవా?" అన్నారు. నేను మాట్లాడకపోతే మళ్ళీ అడగలేదు. ఊకో అని కూడా అనలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. వంకర వత్తులే వెలిగించాను. బాగానే వెలిగాయి.

సాయంత్రం పేరంటాళ్ళు వెళ్ళిపోయాక ఉజ్వల వచ్చింది. నేను పిలవలేదు. చేతిలో పండ్ల సంచి. గుమ్మంలో నిలబడితే లోపలికి రమ్మన్నాను. ఈ రోజు గడప తొక్కిన ఆడపిల్లను లక్ష్మి అనుకోవాలి.

"రిపోర్టు పోయింది ఆంటీ," అంది చాప మీద కూర్చుని.

"ఏమని?"

"హౌస్‌కీపింగ్ అనే." పండ్ల సంచి పక్కన పెట్టి, "నేనే టైపు చేసిన," అంది.

నేను తమలపాకులు తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను.

"ఆ రోజు నోరు రాలే ఆంటీ. ఆయన చెప్పంగ నేను విన్న. మొత్తం విన్న. బాపుకు పని లేదు, ఇల్లు నా మీదనే నడుస్తుంది. వేరే నౌకరీ దొరకంగనే అందరికీ చెప్త. ఒట్టు."

నేను ఇంకో ఆకు అందుకున్నాను. ఆ పిల్ల పని సంగతిలోకి పోయింది. "ఇగ మళ్ళ గట్ల కాదు ఆంటీ. మొత్తం మార్చినం. ఇప్పుడు ఏ ముక్కన్న జవాబు ఇయ్యకుంటె మిగతయి ఊకె నిలబడయి. జర సేపు చూస్తయి, రాకుంటె వదిలేస్తయి."

"మంగళవారం నేను తలుపు కాడ నిలబడి ఎంతసేపు చూసిన బిడ్డా?" అని అడిగాను.

ఏడ్చింది. ఏడవనిచ్చాను. తర్వాత లేపి, మెడకు గంధం రాసి, బొట్టు పెట్టాను. తాంబూలంలో శనగలు, పండు, రవికె గుడ్డ పెట్టి ఒళ్ళో పోశాను. ఏదీ తక్కువ చేయలేదు.

గుమ్మం బయట చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది ఆ పిల్లకు. రోజూ సాయంత్రం ఆఫీసులో లిఫ్టు దగ్గర "పోయి రా బిడ్డా" అనేదాన్ని. ఆ మాట కోసం నిలబడింది. నాకు తెలుసు.

"పో," అన్నాను.

పండగ పూట, పసుపు చేత్తో, గడప లోపల నిలబడి అన్నాను. ఆ పిల్ల మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా అక్కడే ఉన్నాను. వెనక్కి పిలవలేదు.

ఆగస్టు 9, శనివారం

పొద్దున కలశానికి ఉద్వాసన చెప్పాను. రవ్వంత ఉత్తరానికి జరిపి, "మళ్ళీ రావమ్మా," అన్నాను. అన్నాక చేతులు కలశం మీదే ఉండిపోయాయి.

సరిగ్గా రెండు వారాల కింద ఇదే మాట ఆ డబ్బాకు చెప్పాను. మనిషికి చెప్పలేకపోయాను. తప్పే. ఈ తప్పు నాది, దీన్ని ఎవరి మీదకూ తోయను. కానీ ఇవాళ ఆ పిల్ల మళ్ళీ వస్తే మళ్ళీ చెప్పలేను. ముందు ముందు ఏమో.

నామాలు చివరి దాకా చదివాను. మధ్యలో తిట్టు రాలేదు. కోపం పోయి కాదు. ఇక్కడికి వచ్చి కూర్చుంది.

సోమవారం పనికి పోను. కింద శేషారత్నం గారు వత్తుల పని నేర్పుతానంటోంది. చేతకాకపోతే తిడుతుందట.

ఏమండీ, ఈ డైరీ మీ చేతికి దొరక్కుండా ఉండదు. పాత కాగితాల రద్దీలో వెయ్యకండి. బియ్యం డబ్బా వెనక ఉన్న చోటే ఉంచండి. ఎవరికీ చూపించకండి, సుశాంత్ సారు అడిగినా, ఉజ్వల నిజం చెప్పే రోజొచ్చి సాక్ష్యానికని అడిగినా. నేను నోటితో చెప్పాను, వాళ్ళు విన్నారు. మళ్ళీ కాగితం చూపించి నమ్మించే పని నాకు లేదు. మీరు చదివితే చదవండి. చదివాక నన్ను మాత్రం ఊకో అనకండి.